పాత .222 తూటా కొనాలా, వద్దా? తేల్చేది ఇత్తడే

పాత రైఫిళ్ల బేరంలో తరచూ ఎదురయ్యే సంగతే ఇది. రైఫిల్ చేతికి వస్తుంది. కర్ర మీద నాలుగు గీతలు తప్ప వంక పెట్టడానికేమీ ఉండదు. బోల్టు ఎక్కడా పట్టకుండా ముందుకీ వెనక్కీ ఆడుతుంది, ట్రిగ్గర్ జారుడు లేకుండా ఠక్కున పడుతుంది, చెప్పిన ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. బ్యారెల్ మీద చెక్కిన అంకెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోతుంది. అక్కడున్నది .223 కాదు, .222 రెమింగ్టన్. ఒక్క అంకె తేడా. కానీ ఒక తూటా ప్రతి తుపాకీ కొట్లోనూ గుట్టలుగా దొరుకుతుంది, రెండోది వెతుక్కుంటే గానీ దొరకదు.

ఈ తూటా గురించి రెండు వాదాలు వినిపిస్తాయి. దాని కాలం అయిపోయిందని, .223 ఉండగా దీన్ని కొనడం డబ్బు దండగని ఒకటి. గురి విషయంలో దీనికి సాటి లేదని, పాతవాళ్ల చేతిలోంచి వచ్చిందంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చని రెండోది. రెండూ సగం నిజాలే. నిజానికి కొనుగోలును తేల్చే ప్రశ్న ఈ రెండింటిలోనూ లేదు. అది ఖాళీ ఇత్తడి కేసుల దగ్గర ఉంది. అక్కడికి రావాలంటే ముందు తూటా లోపలికి చూడాలి.

మామూలు మాటల్లో తూటా, బుల్లెట్, గుండు అన్నీ ఒకటే అయిపోతాయి. ఇక్కడ వాటిని విడదీయక తప్పదు. తూటాలో నాలుగు వస్తువులు ఉంటాయి. ముందు నుంచి ఎగిరిపోయేది గుండు. దాన్ని తోసేది మందు. మందును అంటించేది అడుగున గుండ్రంగా కనిపించే ప్రైమర్. ఈ మూడింటినీ పట్టి ఉంచేది ఇత్తడి కేసు. పేల్చాక మొదటి మూడూ ఖర్చయిపోతాయి, కేసు మాత్రం చేతికి తిరిగి వస్తుంది. ఈ చిన్న సంగతి మీదే ముందు ముందు లెక్కంతా నడుస్తుంది.

ఇక పేర్లు. .222 అంటే గుండు మందం 0.222 అంగుళం అనుకోవడం సహజం, కానీ కాదు. .222, .223, .220 స్విఫ్ట్, .22-250, ఇప్పటి .22 హోర్నెట్ అన్నీ వదిలేది 0.224 అంగుళం మందం ఉన్న గుండునే. బ్యారెల్ లోపల గాడుల మధ్య ఎత్తుగా ఉండే గట్ల నుంచి కొలిస్తే 0.219 అంగుళం, అంటే 5.56 మిల్లీమీటర్లు. .223కు సైన్యం వాళ్లు వాడే 5.56 అన్న పేరు అక్కడి నుంచి వచ్చింది. కాబట్టి ఈ అంకెలను ఇంటిపేర్లలా గుర్తుపెట్టుకోవాలే గాని స్కేలు పెట్టి కొలవకూడదు. బరువులదీ ఇదే వరస. గుండు బరువును ఇప్పటికీ గ్రెయిన్లలోనే చెబుతారు. గురివింద గింజలతో బంగారం తూచినట్టు ధాన్యపు గింజతో తూచిన కాలం నాటి కొలత అది. 50 గ్రెయిన్లంటే 3.24 గ్రాములు.

1950కి ముందు ఈ మందంలో కొనేవాడికి ఉన్న దారులు తక్కువ. 1930లో అమ్మకానికి వచ్చిన .22 హోర్నెట్ మెత్తటిది, చప్పుడు తక్కువ, కానీ 150 గజాలు దాటితే నీరసించిపోతుంది. 1935 నాటి .220 స్విఫ్ట్ దానికి పూర్తి వ్యతిరేకం. 48 గ్రెయిన్ల గుండును సెకనుకు 4,000 అడుగులు దాటించిన మొదటి కంపెనీ తూటా అదే. ఆ వేగానికి తగ్గట్టే బ్యారెల్ గొంతును, అంటే గాడులు మొదలయ్యే చోటును, త్వరగా తినేస్తుందన్న పేరూ తెచ్చుకుంది. ఒకటి చాలనిది, మరొకటి మితిమీరినది. మధ్యలో పెద్ద ఖాళీ మిగిలింది.

ఆ ఖాళీలోకి వచ్చిందే .222. రెమింగ్టన్‌లో పనిచేసిన మైక్ వాకర్ దాన్ని రూపొందించాడు. అదే కంపెనీ మోడల్ 722 రైఫిల్‌లో 1950లో విడుదలైంది. అప్పట్లో కొత్త తూటా అంటే చాలావరకు పాత కేసును నొక్కో, కోసో, మెడ బిగించో చేసేవాళ్లు. వాకర్ అలా చెయ్యలేదు, పాత కేసుల జోలికి పోకుండా కొలతలన్నీ కొత్తగా వేశాడు. 50 గ్రెయిన్ల గుండు, సెకనుకు దాదాపు 3,140 అడుగులు. 200 గజాల దాకా గుండు కిందికి వాలుతోందన్న బెంగే అక్కర్లేదు. భుజానికి తన్నూ లేదు, చెవులకు స్విఫ్ట్ అంత మోతా లేదు.

వాకర్ స్వయంగా బెంచ్‌రెస్ట్ షూటర్. బల్ల మీద రైఫిల్‌ను ఆనించి, వరసగా పేల్చిన గుళ్లు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో కొలిచే పోటీ అది. ఆ పోటీల్లో .222 అడుగు పెట్టాక పాతికేళ్లు దానిదే రాజ్యం. 1975లో లూ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ కలిసి 6 ఎంఎం పీపీసీని తయారు చేశాక గానీ ఆ పట్టు సడలలేదు. పొట్టిగా, లావుగా ఉండే ఆ కొత్త కేసు మెల్లగా బల్లలన్నింటినీ ఆక్రమించింది.

అయితే .222ను మామూలు కొట్లలోంచి వెనక్కి నెట్టింది పీపీసీ కాదు. దాని సొంత తమ్ముడే.

1950ల చివర అమెరికా సైన్యం తేలికపాటి రైఫిల్ కోసం వెతుకుతూ ఒక షరతు పెట్టింది. 500 గజాల దూరంలో గుండు ఉక్కు హెల్మెట్‌ను చీల్చుకుపోవాలి, అక్కడిదాకా ధ్వని వేగానికి తగ్గకూడదు. .222తో ప్రయత్నించారు. ఆ పని చెయ్యాలంటే కేసులో పీడనం హద్దు దాటుతోంది. దాంతో కేసును కాస్త పొడిగించి ఇంకొంచెం మందు పట్టేలా చేశారు. మొదట దాన్ని .222 స్పెషల్ అన్నారు. ఇదే పేరుతో తిరిగే తూటాలు ఎక్కువైపోయి గందరగోళం అవుతోందని .223 అని మార్చారు. ఎం16 రైఫిల్‌తో పాటు సైన్యంలోకి వెళ్లింది, 1964 నాటికి పౌరుల కొట్లలోకీ వచ్చింది. ఇదే వెతుకులాటలో పుట్టిన మరో పొడుగు కేసు .222 రెమింగ్టన్ మాగ్నమ్ 1958లోనే అమ్మకానికి వచ్చింది. సైన్యం చెయ్యి దాని మీద పడలేదు, అది అనాథగా మిగిలింది. ఈ అన్నదమ్ముల్లో ఎవరికి భోగం దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది గురితో తేలలేదు. లక్షల కొద్దీ తూటాలు ఎవరు కొంటారన్న దానితో తేలింది.

రెండింటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెడితే తేడా ముందు కంటికి ఆనదు. అడుగు ఒకటే, అడుగు అంచు వెడల్పు ఒకటే. .223 కేసు 1.760 అంగుళాలు, .222 కేసు 1.700. మధ్యలో మిల్లీమీటరున్నర. కాస్త వంగి భుజాల మీదుగా, అంటే కేసు ఒళ్లు మెడలోకి సన్నబడే చోట, చూపు పోనిస్తే అసలు సంగతి కనిపిస్తుంది. .223లో భుజం బాగా పైకి జరిగి, మెడ కురచగా, గుండు కింద బిగుసుకుపోయినట్టు ఉంటుంది. .222లో భుజం కిందనే ఆగిపోతుంది, మెడ పొడుగ్గా సాగుతుంది. కొలిస్తే .223 మెడ 0.203 అంగుళం, .222 మెడ 0.313. గుండు మందమే 0.224. అంటే ఒకదాని మెడ గుండు మందం కంటే పొట్టి, రెండోదాని మెడ దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. గుండును పొడవునా పట్టుకునే మెడ దాన్ని వంకర పోకుండా ఉంచుతుంది. సైన్యానికి ఆ అవసరం లేదు, మందు పట్టే చోటు కావాలి. అందుకే మెడలోంచి కోసి పొట్టకు ఇచ్చారు.

అంత చేసి సంపాదించింది ఎంత? 55 గ్రెయిన్ల గుండుతో కంపెనీ లెక్కల ప్రకారం .222 వేగం సెకనుకు 3,020 అడుగులు, .223 వేగం 3,240. ఏడు శాతం. 200 గజాలకు గురి కుదిర్చిన రైఫిళ్లతో 300 గజాల దగ్గర కాలిస్తే గుండు వాలడంలో తేడా ఒకటి రెండు అంగుళాలు. గాలి ఆ మాత్రం తోసేస్తుంది. పొలంలో ఎలుకనో, పొదల్లో నక్కనో కొట్టే వేటగాడికి ఈ తేడా కనపడనే కనపడదు. ఆ వేగం ఊరికే రాలేదన్నదీ గుర్తుంచుకోవాలి. యూరప్ ప్రమాణాల్లో .222కు అనుమతించిన గరిష్ఠ పీడనం 3,700 బార్లు, .223కు 4,300. తక్కువ పీడనంతో నడిచే తూటా కేసును, బ్యారెల్‌ను కాస్త నెమ్మదిగా అరగదీస్తుంది. పాత తూటా పక్షాన ఉన్న అసలు బలం ఇదే. దీన్ని వదిలేసి గురి మహిమ గురించి మాట్లాడేవాళ్లే ఎక్కువ.

ఆ మహిమ సంగతీ చూడాలి. ".222కు పుట్టుకతోనే గురి ఉంది" అన్న మాట తాతల నాటి నుంచి నడుస్తోంది. అందులో నిజం లేకపోలేదు. మందు తక్కువ, తన్ను తక్కువ, మెడ పొడుగు. పేల్చేవాడు ఉలిక్కిపడడు, గుండు సూటిగా గాడుల్లోకి దిగుతుంది. కానీ ఆ పాతికేళ్లలో మంచి బ్యారెల్ చెయ్యగలవాళ్లు, గుళ్లను ఒక్కొక్కటిగా తూచి వేరుచేసేవాళ్లు, రోజంతా బల్ల దగ్గర కూర్చునేవాళ్లు అందరూ .222తోనే పనిచేశారు. రికార్డులు దాని పేరు మీద పడడంలో ఆ చేతుల వాటా చాలా ఉంది. అదే శ్రద్ధతో నేడు చేసిన .223 రైఫిల్ వేట దూరాల్లో దానికి తీసిపోదు. కంపెనీలో చేసిన రెండు మామూలు రైఫిళ్లను పోల్చితే బ్యారెల్ మంచి చెడులే తేడాను తేలుస్తాయి, తూటా పేరు కాదు. గురి కోసమే .222 కొనాలనుకునేవాళ్లు ఆ డబ్బు మంచి బ్యారెల్ మీద పెట్టడం మేలు.

.222 నిజంగా ఓడిపోయే చోటు మరొకటి ఉంది, అది మెలిక. బ్యారెల్ లోపలి గాడులు గుండును తిప్పుతాయి. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందో అదే మెలిక లెక్క. .222 బ్యారెళ్లు దాదాపు అన్నీ 14 అంగుళాలకు ఒక చుట్టు తిప్పుతాయి. 50, 55 గ్రెయిన్ల పొట్టి గుళ్లకు అది చాలు. పొడుగైన బరువు గుళ్లను ఆ మెలిక నిలబెట్టలేదు, అవి దారిలో తడబడి కాగితం మీద అడ్డంగా తాళం రంధ్రం ఆకారంలో పడతాయి. .223 కూడా మొదట్లో ఈ ఇబ్బంది పడింది. ఎం16కు మూలమైన తొలి ఏఆర్-15 రైఫిల్‌లో మెలిక 14 అంగుళాలే. బాగా చలి ఉన్న చోట గాలి చిక్కబడి గుళ్లు కుదురుగా పోవడం లేదని 1963లో 12కు మార్చారు. 1980లో నాటో 62 గ్రెయిన్ల గుండును ఎంచుకున్నాక 7 అంగుళాల దాకా వచ్చింది. 69, 77 గ్రెయిన్ల పొడుగు గుళ్లతో 500, 600 గజాలు కాల్చడం అలా మొదలైంది. .222 ఆ దారిలో నడవలేదు. నడవాలనుకుంటే ప్రత్యేకంగా బ్యారెల్ వేయించుకోవాలి, అప్పుడిక పాత రైఫిల్ కొన్న లాభమే పోయింది. సీసం లేని రాగి గుళ్లకూ ఇదే చిక్కు. రాగి తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడుగవుతుంది. సీసం నిషేధించిన చోట .222 వాడేవాళ్లు 40 గ్రెయిన్లకు అటూ ఇటూ ఉన్న రాగి గుళ్లకు దిగాల్సి వస్తుంది.

జింక వేట చట్టాలు ఉన్న చోట్ల ఈ బరువుల లెక్క మరో రకంగా తగులుతుంది. స్కాట్లాండ్‌లో రో జాతి చిన్న జింకకు గుండు కనీసం 50 గ్రెయిన్లు, బ్యారెల్ మొన దగ్గర శక్తి కనీసం 1,000 ఫుట్ పౌండ్లు ఉండాలి. .222 కంపెనీ తూటా సరిగ్గా 50 గ్రెయిన్ల దగ్గరే, దాదాపు 1,090 ఫుట్ పౌండ్లతో ఆ గీత దాటుతుంది. జర్మనీలో అదే జింకకు 100 మీటర్ల దగ్గర 1,000 జౌళ్లు మిగలాలి. అక్కడా సరిపోయే తూటాలు ఉన్నాయి గాని మిగులు పెద్దగా ఉండదు. పొట్టి బ్యారెల్ రైఫిల్ అయితే కాగితం మీద ఉన్న శక్తి మొనలో ఉండకపోవచ్చు. అంతకంటే పెద్ద జంతువు మాట ఎత్తకపోవడమే మంచిది.

ఇక కేసుల దగ్గరికి. తూటాలోని నాలుగు వస్తువుల్లో .222కు, .223కు గుండు ఒకటే, ప్రైమర్ ఒకటే, పనికొచ్చే మందుల్లోనూ చాలా మటుకు రెండింటికీ నడుస్తాయి. అంటే .223 లోకంలో ఎంత మంది ఉంటే .222కు గుళ్లు, ప్రైమర్లు అంత కాలం దొరుకుతాయి. కొత్తగా వచ్చే మంచి గుళ్లన్నీ దీనికీ అందుతాయి. ఇరుకు ఒక్క కేసు దగ్గరే. కాబట్టి "ఈ తూటా ఇంకా దొరుకుతుందా?" అన్న పెద్ద ప్రశ్నను "ఈ ఖాళీ కేసు దొరుకుతుందా?" అన్న చిన్న ప్రశ్నగా మార్చుకోవచ్చు. సొంతంగా తూటాలు నింపుకునేవాడికి దీనికి జవాబు తేలికే. లాపువా, నార్మా లాంటి కంపెనీలు .222 కేసులు చేస్తూ వచ్చాయి. అవి ఎప్పుడూ కొట్లో ఉంటాయని కాదు, కానీ ఒక్కసారి దొరికితే చాలు.

ఎందుకు చాలో లెక్క కట్టి చూడాలి. మంచి కేసును మితంగా నింపితే పదిసార్లు వాడడం కష్టం కాదు. 200 కేసులు కొంటే 2,000 సార్లు పేల్చవచ్చు. ఏడాదికి వంద తూటాలు కాల్చే వేటగాడికి అది ఇరవై ఏళ్లు. మెడ దగ్గర ఇత్తడి గట్టిపడి చీలడం మొదలైతే కాస్త వేడి చేసి మెత్తబరుస్తారు. ఇత్తడి పాత్రను సాగగొట్టేవాళ్లు మధ్యమధ్యలో నిప్పుల మీద పెట్టినట్టే ఇదీ, మొదలు వైపు మాత్రం వేడి తగలకూడదు. అలా చేస్తే కేసు ఆయువు ఇంకా పెరుగుతుంది. చనిపోతున్న తూటా అని భయపెట్టే మాటంతా చివరికి ఒక డబ్బా ఖాళీ కేసులు ముందే కొని పెట్టుకోవడం దగ్గర తేలిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు కేసులు సంపాదించి, తర్వాత రైఫిల్ బేరం ఆడతారు.

కేసులు అసలే దొరకని నాడు .223 కేసును .222గా మార్చుకునే దారీ ఉంది. అడుగు ఒకటే కాబట్టి భుజాన్ని అచ్చులో కిందికి నొక్కి, మెడను 1.700 అంగుళాలకు కోస్తే ఆకారం వచ్చేస్తుంది. చిక్కు మందంలో ఉంది. .223లో భుజంగా, ఒంటిగా ఉన్న దళసరి ఇత్తడే ఇప్పుడు మెడ అవుతుంది. గుండు బిగించాక ఆ మెడ చాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో, ఊపిరాడనంత బిగుతైతే, పేలినప్పుడు వ్యాకోచించే చోటు లేక పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. మెడను బయట నుంచి చెక్కి పలచన చేసి, కొలిచి, ఆ తర్వాతే నింపాలి. ఓపిక ఉన్నవాడి పని ఇది. తూటాలు నింపడం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు దీనితో మొదలుపెట్టకూడదు.

నింపుకోని వాడి సంగతి వేరు. నింపుకోవడానికి చట్టం ఒప్పని చోట్లు ఉన్నాయి, విడిగా లైసెన్సు అడిగే చోట్లు ఉన్నాయి, అసలు ఆ తీరికే లేనివాళ్లూ ఉన్నారు. వాళ్లు కంపెనీ తూటాల మీదే ఆధారపడాలి, అక్కడ .222 చేదు మాత్ర. ఫ్యాక్టరీలు ఎక్కువ అమ్ముడుపోయే తూటాలను నిరంతరం చేస్తాయి, మిగతావాటిని ఏడాదిలో ఏదో ఒక వారం యంత్రం ఖాళీ చూసుకుని చేస్తాయి. సరుకుకు కటకట వచ్చిన కాలంలో ముందు ఆగేది ఆ వారమే. .223 కొట్లో అయిపోతే నెలలో మళ్లీ వస్తుంది, .222 అయిపోతే ఎప్పుడొస్తుందో కొట్టువాడికే తెలియదు. వందల కొద్దీ చవకగా కొనే పెట్టెలు .223కే ఉన్నాయి గాని దీనికి లేవు. రకాలూ తక్కువే. గురి అభ్యాసానికి నెలకు రెండు వందలు కాల్చేవాడు, నింపుకోనివాడు .222 కొంటే ఏడాది తిరక్కుండా విసుగు వస్తుంది. అలాంటివాళ్లు .223 తీసుకోవడమే సబబు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. సైన్యం వాడే తూటాలను పౌరులకు ఇవ్వకుండా చట్టాలు కట్టడి చేసిన దేశాలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 2013లో కొత్త నియమాలు అమలయ్యేదాకా .223 వేటగాళ్లకు సులువుగా అందేది కాదు, దాని స్థానాన్ని .222 నింపింది. ఫిన్లాండ్ కంపెనీ సాకో తన చిన్న ఎల్46 రైఫిల్‌ను దీనికి తగ్గట్టు చెయ్యడం 1950ల తొలి రోజుల్లోనే మొదలైంది. అందుకే అమెరికాలో పాతబడిన తూటా యూరప్‌లో ఇంకా బతికే ఉంది, కొత్త రైఫిళ్లూ అక్కడివే ఎక్కువ. అలాంటి కట్టడి ఇప్పటికీ ఉన్న చోట ఈ చర్చే అనవసరం, .222 కొనవలసిందే.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. ఒకే ఇంట్లో .222, .223 రైఫిళ్లు రెండూ ఉంటే తూటాలు కలిసిపోవడం ఎంతో సులువు. పొడుగు .223 తూటా .222 చాంబర్‌లో భుజం దగ్గర తగిలి బోల్టు మూసుకోదు, కాబట్టి అటువైపు భయం లేదు. ఇటువైపే ఉంది. .222 భుజం నాలుగు మిల్లీమీటర్లకు పైగా వెనక ఉంటుంది, కాబట్టి అది .223 చాంబర్‌లో వదులుగా కూర్చుంటుంది. బోల్టు కొక్కెం దాన్ని పట్టి నిలిపితే పేలుతుంది కూడా. ఆసరా లేని కేసు ముందుకు ఉబికి చీలవచ్చు, కాలిన వాయువు వెనక్కి మొహం మీదికి రావచ్చు. కేసు అడుగున చెక్కిన అక్షరాలు చదవడం, రెండు రకాల డబ్బాలను రెండు వేర్వేరు అరల్లో పెట్టడం తప్ప దీనికి మందు లేదు. గుండు చూసి, పొడవు చూసి గుర్తుపట్టేస్తామనే ధీమా పనికిరాదు.

పాత రైఫిల్ కొనేముందు చూడవలసినవాటిలో బ్యారెల్ గొంతు మొదటిది. చాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోట ఎండిన చెరువు అడుగులా నెర్రెలు కనిపిస్తే దాన్ని బాగా కాల్చారని అర్థం. .222 మందు తక్కువ తింటుంది కాబట్టి కాల్చి కాల్చి పాడుచేసిన బ్యారెళ్లు అరుదు. చెమ్మలో వదిలేసి తుప్పు పట్టించినవి, ఉక్కు కడ్డీతో అడ్డదిడ్డంగా తోమి మొన అంచు అరగదీసినవే ఎక్కువ దొరుకుతాయి. మొన అంచు చుట్టూ దూది పుల్ల తిప్పితే గీతలున్న చోట పోగులు చిక్కుకుంటాయి. వీలైతే అదే రైఫిల్‌లో పేల్చిన ఖాళీ కేసు ఒకటి అడిగి తీసుకోవాలి. కాగితాల క్లిప్పును సాగదీసి, కొనను మిల్లీమీటరు పొడవున వంచి, కేసు లోపలి గోడ వెంట అడుగు దాకా జార్చి పైకి లాగితే, అడుగుకు కాస్త పైన గోడ పల్చబడి ఉంటే అక్కడ కొన కటుక్కున తగులుతుంది. అలా తగిలితే చాంబర్‌లో వదులు ఉందని అనుమానించాలి. కేసును మోటుగా మళ్లీ మళ్లీ సైజు చేసినా ఆ గీత వస్తుంది గనుక, నిర్ణయానికి ముందు తుపాకీ మేస్త్రీ చేత కొలిపించడం మంచిది.

కొత్త రైఫిల్ విషయం రెండు మాటల్లో తేల్చవచ్చు. .223 మీద కట్టడి లేని చోట, ముచ్చట తప్ప కొత్త .222 కొనడానికి కారణం దొరకదు. ముచ్చటకు మాత్రం ఎవరు అడ్డు చెప్పగలరు? పాతది, మంచి బ్యారెల్ ఉన్నది, తక్కువకు వచ్చేది, పక్కన కేసుల డబ్బాతో దొరికేది అయితే, నింపుకునేవాడు వెనకాడనక్కర్లేదు. అదే వయసున్న హోర్నెట్, స్విఫ్ట్‌లతో పోల్చినా .222యే నెమ్మదైన బేరం. హోర్నెట్ కేసు గోడలు పలచన, ఎక్కువసార్లు నింపనివ్వదు. స్విఫ్ట్ వేగం బ్యారెల్ ఖర్చుగా తిరిగి వస్తుంది.

బ్యారెల్ అరిగిపోయాక కూడా ఈ రైఫిల్‌కు దారి మూసుకుపోదు. .222 కేసు అడుగు చాలా తూటాలకు వారసత్వంగా వచ్చింది. 1963 నాటి .221 ఫైర్‌బాల్, 1971 నాటి .17 రెమింగ్టన్, 2004 నాటి .204 రూగర్, .221 నుంచి పుట్టిన .300 బ్లాక్‌అవుట్, వీటన్నిటి అడుగు అంచు వెడల్పు అదే 0.378 అంగుళం. బోల్టు ముఖం మార్చకుండానే ఇందులో ఏ బ్యారెల్‌నైనా బిగించవచ్చు. బ్యారెల్ బాగుండి తూటా మాత్రమే మార్చాలంటే, తుపాకీ మేస్త్రీ ఉన్న చాంబర్‌నే .223కు సరిపడా పెద్దది చెయ్యగలడు. అప్పుడు కూడా 14 అంగుళాల మెలిక అలాగే ఉంటుంది, కాబట్టి కొట్లో దొరికే .223 అంతా దానికి పనికిరాదు, 55 గ్రెయిన్లు, అంతకు తక్కువవే పనికొస్తాయి. మ్యాగజైన్ పొడవు కూడా కొలిచి చూసుకోవాలి. పూర్తి .222 తూటా గరిష్ఠ పొడవు 2.130 అంగుళాలు, .223ది 2.260. సరిగ్గా .222 కోసమే చేసిన చిన్న రైఫిల్ పెట్టెలో ఆ పదమూడు నూరోవంతుల అంగుళం పట్టకపోవచ్చు.